స్మార్ట్ బ్రా వేసుకుంటే మామోగ్రాం అక్కర్లేదట, నిజమేనా?

కృష్ణతులసి (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా చుట్టాల గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. మెక్సికో కుర్రాడొకడు బ్రా ఒకటి కనిపెట్టాడట. వారానికి గంటసేపు వేసుకుంటే రొమ్ము కేన్సర్ ఉందో లేదో ఫోన్‌కే వచ్చేస్తుందట, ఇక మామోగ్రాం (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) అవసరమే లేదట. కింద "ముందస్తు బుకింగ్" అని ఒక లింకు కూడా ఉంది.

మా పెద్దమ్మ, అంటే అమ్మ సొంత అక్క, ఈ జబ్బుతోనే పోయింది. అమ్మకి 61, నాకు 37. నిరుడు ఆఫీసు హెల్త్ చెకప్‌లో నాకు మామోగ్రాం తీసి రిపోర్టులో "డెన్స్ బ్రెస్ట్" అని రాశారు. అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. అమ్మ మాత్రం మామోగ్రాం అంటే ససేమిరా అంటోంది. నొప్పి అట, ఆ మిషను ముందు అలా నిలబడటం తన వల్ల కాదట. ఇలాంటి బ్రా నిజంగా దొరికితే ఇంట్లో గొడవ ఉండదని ఆశ. ఎవరైనా వాడారా?

సోల్డరింగ్_శీను (హైదరాబాద్)

తులసి గారూ, ముందు ఆ లింకు నొక్కకండి. ఆ ఫార్వర్డ్ పాతది. 2017లో హూలియన్ రియోస్ కాంతూ అనే 18 ఏళ్ళ మెక్సికో విద్యార్థి "ఈవా" అనే బ్రా ఆలోచనకి విద్యార్థి వ్యాపారవేత్తల ప్రపంచ పోటీలో 20,000 డాలర్ల బహుమతి గెలిచాడు. వాళ్ళమ్మకి రెండోసారి కేన్సర్ వచ్చి రెండు రొమ్ములూ తీసేయాల్సి వచ్చింది, అందుకే ఈ పని మొదలుపెట్టానని చెప్పాడు. కుర్రాడి ఉద్దేశం మీద నాకు అనుమానం లేదు. కానీ వార్త ప్రపంచమంతా తిరిగేనాటికి అది తొలి నమూనా దశలోనే ఉంది. అదే ఫొటో పెట్టి ఇప్పుడు ఎవరెవరో బుకింగులు తీసుకుంటున్నారు.

నేను సెన్సార్ సర్క్యూట్ల మీద పనిచేస్తాను, డాక్టర్ని కాదు. "స్మార్ట్ బ్రా" అనే ఒక్క పేరుతో పూర్తిగా వేరువేరు వస్తువులు తిరుగుతున్నాయి, అక్కడే జనానికి తికమక.

ఒక రకం వేడిని కొలుస్తుంది. కణితి పెరగాలంటే రక్తం ఎక్కువ కావాలి, కొత్త రక్తనాళాలు పుడతాయి, ఆ చోట చర్మం కాస్త వెచ్చబడుతుంది. చిన్న చిన్న థర్మిస్టర్లను, అంటే వేడిని కొలిచే సెన్సార్లను, గుడ్డలో అమర్చి ఆ తేడా పట్టుకుంటారు. మన దేశంలో త్రిస్సూర్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో డాక్టర్ ఎ. సీమ బృందం చేసింది ఇదే. ఆ పనికి ఆవిడకి నారీశక్తి పురస్కారం వచ్చింది. అమెరికాలో ఐటీబ్రా కూడా ఈ కోవదే. గంటల తరబడి ఉష్ణోగ్రత రాసుకుని, పగలూ రాత్రీ శరీరపు వేడిలో వచ్చే సహజమైన లయ ఎక్కడ తప్పుతోందో చూస్తుంది.

రెండో రకం అల్ట్రాసౌండ్. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జనాన్ దాదెవిరెన్ బృందం దీన్ని 2023 జులైలో సైన్స్ అడ్వాన్సెస్ అనే పరిశోధన పత్రికలో ప్రచురించింది. తేనెపట్టు ఆకారంలో 3డీ ప్రింట్ చేసిన మెత్తటి ప్యాచ్ అయస్కాంతాలతో బ్రాకి అతుక్కుంటుంది. అందులో ఉన్న కంతల గుండా స్కానర్ చర్మాన్ని తాకుతుంది, దాన్ని ఆరు చోట్లకి జరుపుతూ రొమ్మంతా చూడొచ్చు. 8 సెంటీమీటర్ల లోతు వరకు బొమ్మ వస్తుంది. గతంలో నీటితిత్తులు వచ్చిన 71 ఏళ్ళ ఆవిడ మీద వాడి చూస్తే 0.3 సెంటీమీటర్ల తిత్తి కూడా కనబడింది. దాదెవిరెన్ పిన్నో మేనత్తో, ఒక దగ్గరి బంధువు 49 ఏళ్ళకి, జబ్బు ముదిరాక బయటపడి, ఆరు నెలల్లో చనిపోయిందట. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని గీసిన ఊహే ఇది అని ఆవిడ చెప్పుకుంది.

మూడోది మైక్రోవేవ్. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో బ్రాలోనే యాంటెన్నాలు కుట్టి నమూనా చేశారు. కొవ్వుకీ కణితికీ నీటి శాతంలో తేడా ఉంటుంది, తరంగాలు వెళ్ళే తీరు మారుతుంది. ఇది ఇంకా ల్యాబ్ గుమ్మం దాటలేదు.

నా ఓటు రెండోదానికి. అది గడ్డని చూస్తుంది. మొదటిది గడ్డ వల్ల ఏర్పడే వేడిని బట్టి ఊహిస్తుంది.

పక్కసందు (నెల్లూరు)

అన్నా, మే నెలలో మా ఊళ్ళో ఆ వేడి బ్రా వేసుకుంటే ఊరంతటికీ కేన్సర్ అని చూపిస్తుందేమో 😀

సోల్డరింగ్_శీను (హైదరాబాద్)

జోకైనా పాయింటే తమ్ముడూ. అందుకే ఒంటి వేడి ఎంత అని చూడరు, ఎడమకీ కుడికీ తేడా ఎంత అని చూస్తారు. అయినా గదిలో ఫ్యాన్ ఒక పక్క నుంచి తగిలినా, నెలసరికి ముందు ఒళ్ళు వెచ్చబడినా, పాలిచ్చే తల్లికి పాలు గడ్డకట్టినా లెక్క తప్పుతుంది. వీటన్నిటినీ వడగట్టడమే అసలు కష్టం. సెన్సార్ చవకే.

చీకటిగది (విశాఖపట్నం)

రేడియాలజిస్టుని. శీను గారు బాగా చెప్పారు, వేడి సంగతికి కొంచెం చరిత్ర కలుపుతాను.

ఈ ఆలోచన కొత్తది కాదు. రొమ్ము కేన్సర్ ఉన్న చోట చర్మం వెచ్చగా ఉంటోందని మాంట్రియల్ సర్జన్ రే లాసన్ 1956లోనే రాశాడు. 1970లలో అమెరికాలో పెద్ద ఎత్తున స్క్రీనింగ్ ప్రాజెక్టు పెట్టినప్పుడు మామోగ్రాంతో పాటు థర్మోగ్రఫీ, అంటే ఒంటి వేడిని కెమెరాతో బొమ్మ తీసే పరీక్ష, కూడా చేర్చారు. కేన్సర్లను వదిలేస్తోందని తేలి మధ్యలోనే దాన్ని మానేశారు. 1982లో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మామోగ్రాంకి తోడుగా మాత్రమే అనుమతించింది, బదులుగా కాదు. మామోగ్రాం బదులు థర్మోగ్రఫీ చేయించుకోవద్దని 2019లో మళ్ళీ హెచ్చరించింది కూడా. అప్పటి కెమెరాల కన్నా ఇప్పటివి చాలా మెరుగు, పైగా ఏఐ చేరింది. బెంగళూరులోని నిరామయి అనే కంపెనీ వాళ్ళది ఆ దారే, అయితే అది ఒంటి మీద వేసుకునేది కాదు, కెమెరా. పరికరం మెరుగైనా లోపలి అడ్డంకి పోలేదు. లోతులో ఉన్న చిన్న గడ్డ వేడి చర్మం దాకా రావాలంటే మధ్యలో కొవ్వు ఉంది, కొవ్వు వేడిని రానివ్వదు. చర్మం దాకా వేడి బలంగా వచ్చేది చాలావరకు పెద్ద గడ్డకో, పైపైనే ఉన్న గడ్డకో. మనం వెతికేది దానికి ముందు దశ.

తులసి గారూ, మీ "డెన్స్" గురించి. రొమ్ములో కొవ్వు తక్కువ, గ్రంథుల కణజాలం ఎక్కువ అని అర్థం. జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది, వయసులో ఉన్నవాళ్ళకి మరీను. మామోగ్రాంలో ఆ కణజాలమూ తెల్లగానే, కేన్సర్ గడ్డా తెల్లగానే కనబడుతుంది. మంచు కమ్మిన పొద్దున తెల్లకొంగని వెతికినట్టు ఉంటుంది మా పని. అందుకే మీలాంటివాళ్ళకి అల్ట్రాసౌండ్ కూడా తీయమంటాం. రిపోర్టు కింద ఏ, బీ, సీ, డీ అని ఒక అక్షరం ఉంటుంది, సీ, డీ అయితే డెన్స్. అది చెప్పండి.

గులాబీముల్లు (వరంగల్)

ఈ చర్చ చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. మా అపార్టుమెంట్లో ఒక థర్మల్ క్యాంపు పెట్టారు. ముట్టుకోరు, నొక్కరు, రేడియేషన్ లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది అన్నారు. మా అత్తయ్యకి పచ్చ రంగు రిపోర్టు ఇచ్చారు. ఆ పచ్చ కాగితం చూసుకుని ఆవిడ, చంకలో చిన్న ఉండ తగులుతున్నా, "నాకేం లేదని రాసిచ్చారుగా" అని ఎవరికీ చెప్పలేదు. ఉగాదికి స్నానం చేయిస్తుంటే మా ఆడపడుచు చూసింది. అప్పటికి లింఫు గ్రంథుల్లోకి పాకింది. ఇప్పుడు కీమో నడుస్తోంది, పర్వాలేదు. క్యాంపువాళ్ళ పేరు రాయను, రాస్తే కేసులంటారు. కానీ "తోడుగా మాత్రమే" అన్న ముక్క ఆ క్యాంపులో ఎవరూ పలకలేదు.

డల్లాస్_వాణి

అత్తయ్య గారు త్వరగా కోలుకోవాలి అక్కా.

ఇక్కడ అమెరికాలో మాకు 2024 సెప్టెంబరు నుంచి రూల్ వచ్చింది, మామోగ్రాం తీసిన ప్రతి చోటా డెన్సిటీ సంగతి పేషెంటుకి రాసి చెప్పాల్సిందే. 40 నుంచి 74 వరకు రెండేళ్ళకోసారి మామోగ్రాం అని అదే ఏడాది సిఫారసు కూడా మారింది. చెప్పడం వరకు బాగానే ఉంది, ఆ పై అల్ట్రాసౌండుకి ఇన్సూరెన్స్ ఇస్తుందా లేదా అన్నది వేరే యుద్ధం.

ఎంఐటీ ప్యాచ్ గురించి ఒకటి అడగాలి. రెండు మామోగ్రాంల మధ్యలో పుట్టుకొచ్చే కేన్సర్లు మొత్తంలో 20 నుంచి 30 శాతం అని ఆ వార్తలోనే చదివాను. అలాంటివి వేగంగా ముదిరే రకం అంటారు కదా. రిస్కు ఎక్కువున్నవాళ్ళకి ఆ ఖాళీలో ఇంట్లో వాడుకునే స్కానర్ ఉంటే మేలేగా? అన్నిటినీ ఒకే గాటన కట్టి కొట్టేయడం ఎందుకు?

చీకటిగది (విశాఖపట్నం)

కొట్టేయట్లేదమ్మా, మీరన్నచోటే దానికి నిజమైన స్థానం ఉంది. అందరికీ కాదు, రిస్కు బాగా ఎక్కువున్న కొద్దిమందికి. కానీ ఆ పేపర్లో మనిషి మీద పరీక్ష అంటే ఒకే ఒక్క ఆవిడ. కనబడింది నీటితిత్తులు. వాటిని అల్ట్రాసౌండులో గుర్తుపట్టడం తేలిక, నల్లగా గుండ్రంగా ఉంటాయి. అంచులు చెదిరిన చిన్న కేన్సర్‌ని పట్టడం వేరు. పైగా ఆ ప్యాచ్‌కి ఇంకా పక్కన మామూలు అల్ట్రాసౌండ్ మిషను ఉండాల్సిందే. దాన్ని ఫోన్ సైజుకి తెస్తామని అంటున్నారు. తెచ్చాక కూడా ఆ బొమ్మలు చదివేది ఎవరు? వారానికోసారి స్కాన్ తీస్తే ఏడాదికి 52 సార్లు. ఏఐ చదువుతుంది అంటారు, మరి అది "అనుమానం" అన్నప్పుడు వచ్చేది నా దగ్గరికే.

లెక్కలమాస్టారు (రాజమండ్రి)

డాక్టరు గారు ఆపిన చోట నేను అందుకుంటా. ఇది పూర్తిగా ఊహించుకున్న లెక్క, ఏ కంపెనీదీ కాదు.

10,000 మంది ఆడవాళ్ళు బ్రా వేసుకున్నారు. వాళ్ళలో 30 మందికి నిజంగా కేన్సర్ ఉంది అనుకుందాం. పరికరం చాలా మంచిది, ఉన్నవాళ్ళలో 90 శాతాన్ని పట్టేస్తుంది, లేనివాళ్ళలో 90 శాతానికి లేదనే చెబుతుంది. అప్పుడు 27 మందిని పట్టింది, ముగ్గురిని వదిలేసింది. మిగిలిన 9,970 మందిలో పది శాతం, అంటే 997 మందికి ఊరికే ఎర్రలైటు వెలిగింది. మొత్తం 1,024 మంది ఆసుపత్రికి పరుగెత్తితే కేన్సర్ ఉన్నది 27 మందికి. నూటికి ముగ్గురు కూడా కాదు. మిగతా 97 మందీ ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చేదాకా నిద్రపోరు.

"90 శాతం కచ్చితత్వం" అని ప్రకటనలో చూస్తే, ఈ రెండిట్లో ఏ 90 అని అడగండి. తెలివైనవాడైతే మూడో సంఖ్య కూడా చెబుతాడు, ఎర్రలైటు వెలిగినవాళ్ళలో ఎందరికి నిజంగా ఉంది అన్నది. అది చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

సోల్డరింగ్_శీను (హైదరాబాద్)

మాస్టారూ, లెక్క ఒప్పుకుంటా, ఒక్క అభ్యంతరం. మీరు ఒక్కసారి పరీక్ష అనుకుని లెక్కేశారు. ఒంటి మీద ఉండే సెన్సారుకి బలమే అది కాదు. ఒకే మనిషిని నెలల తరబడి చూస్తుంది, ఊళ్ళో సగటుతో కాకుండా ఆవిడ పాత రికార్డుతోనే పోల్చి చూస్తుంది. ఒక రాత్రి తేడా వస్తే పట్టించుకోనక్కర్లేదు, మూడు నెలల పాటు అదే చోట తేడా పెరుగుతుంటేనే లైటు వెలగాలి. డాక్టరు గారు చెప్పిన 1970ల థర్మోగ్రఫీకి ఈ అవకాశం లేదు.

చీకటిగది (విశాఖపట్నం)

ఒప్పుకుంటున్నా, ఇది మంచి వాదన. కాగితం మీద. వేల మందికి ఏళ్ళ తరబడి వేయించి, ఇంకో వేల మందికి మామూలు పద్ధతి ఉంచి, ఎవరిలో చావులు తగ్గాయో చూపించిన రోజున నేనే మా ఇంట్లోవాళ్ళకి కొంటాను. ముందే కనుక్కోవడం వేరు, ప్రాణం దక్కడం వేరు.

షాంఘైలో ఇది తేల్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే 2,66,064 మంది ఆడవాళ్ళని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి స్వయంగా రొమ్ము పరీక్షించుకోవడం శ్రద్ధగా నేర్పారు. 2002లో ఫలితం వచ్చింది. నేర్పినవాళ్ళలో 135 మంది, నేర్పనివాళ్ళలో 131 మంది రొమ్ము కేన్సర్‌తో చనిపోయారు. తేడా లేదు. కేన్సర్ కాని గడ్డలకి చేసిన బయాప్సీలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి. అంత శ్రద్ధగా చేతితో వెతికినా అంతే అయింది. చేతికి బదులు సెన్సార్ పెట్టినంత మాత్రాన కథ మారుతుందని ఎవరూ ఊరికే నమ్మకూడదు.

గులాబీముల్లు (వరంగల్)

అంటే చేతితో చూసుకోవడం కూడా దండగా? మా అత్తయ్య గడ్డ చేతికే దొరికింది డాక్టరు గారూ.

చీకటిగది (విశాఖపట్నం)

దండగ కాదమ్మా. మీ శరీరం మీకు తెలిసి ఉండటం, మార్పు కనబడితే ఆ వారంలోనే చూపించుకోవడం తప్పక చేయాల్సిందే. అదొక్కటే స్క్రీనింగ్ అనుకుంటే సరిపోదు అంటున్నాను.

శిక్షణ ఉన్న చేయి అయితే సంగతి వేరు. ముంబయిలో టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి 1,51,538 మందిని 20 ఏళ్ళు గమనించారు. పదో తరగతి చదివిన ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి, రెండేళ్ళకోసారి వాళ్ళ బస్తీల్లోనే చేతితో పరీక్ష చేయించారు. 2021లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. 50 దాటినవాళ్ళలో రొమ్ము కేన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపు వాళ్ళలో ఆ మేలు కనబడలేదు. బ్యాటరీ లేదు, యాప్ లేదు. మన దేశంలో స్మార్ట్ బ్రా ఏదైనా రావాలంటే పోటీ పడాల్సింది మామోగ్రాంతో కాదు, ఆ చేతులతో.

సబ్‌సెంటర్_సిస్టర్ (పల్నాడు)

ఆ చేతుల్లో నావీ ఉన్నాయి సార్, అందుకే రాస్తున్నా. నేను ఏఎన్ఎంని. 30 దాటిన ఆడవాళ్ళందరికీ అయిదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చేయాలని మాకు రూలుంది. కాగితం మీద ఉంది. గదికి తలుపుండదు, ఉన్నా గడియ పడదు. ఒకావిడ రవిక విప్పడానికి ఒప్పుకునేలోపు బయట ఇంకో పదిమంది బీపీ కోసం అరుస్తుంటారు. ఆన్‌లైన్ ఎంట్రీ మళ్ళీ వేరే.

మీరంతా మిషను గురించి మాట్లాడుతున్నారు. నాకైతే బ్రా అన్న దగ్గరే ఆగిపోయింది. మా పొలం పనుల ఆడవాళ్ళలో సగం మంది బ్రా వేసుకోరు, పెద్దవాళ్ళు అసలే వేసుకోరు. సైజులు ఎన్ని చేయాలి? చెమటకి రోజూ ఉతకాలి, ఉతికితే ఆ వైర్లేమవుతాయి? ఒకే బ్రా ఊరంతా మార్చుకుంటే ఎవరూ ముట్టుకోరు. ఫోన్ ఆయన దగ్గర ఉంటుంది, ఎర్రలైటు మెసేజీ ముందు ఆయనకి వెళ్తుంది. అప్పుడింట్లో ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

అయినా నాకు ఒకటి నచ్చింది. ముట్టుకోనక్కర్లేదు, చూపించనక్కర్లేదు అంటే సిగ్గుపడేవాళ్ళు కొందరైనా ముందుకొస్తారు. గడ్డ తగిలి ఏడాదైనా ఆకు పసరు కట్టుకుని కూర్చున్నవాళ్ళని చూశా. వాళ్ళని మా గుమ్మం దాకా తెచ్చే పని ఏ గుడ్డ చేసినా దండం పెడతా. లోపలికొచ్చాక పరీక్ష మేం చేస్తాం.

డల్లాస్_వాణి

సిస్టర్, ఫోన్ సంగతి ఇక్కడ కూర్చున్న మాకు తట్టనే తట్టదు. ఏ ఇంజినీరూ రాసుకోని పాయింటు.

కృష్ణతులసి (విజయవాడ)

రిపోర్టు తీశాను, "సీ" అని ఉంది. పెద్దమ్మకి 44వ ఏట బయటపడింది. పెద్దమ్మకి ఇద్దరు కూతుళ్ళు, నాకన్నా పెద్దవాళ్ళు. ఇప్పుడు నేనేం చేయాలో కొంచెం విడమరిచి చెప్పండి డాక్టరు గారూ. లింకు మాత్రం గ్రూపులోంచి తీయించాను, మా బావగారికి కోపం వచ్చింది.

చీకటిగది (విశాఖపట్నం)

మిమ్మల్ని చూడకుండా చెబుతున్నా, కాబట్టి ఇది పట్టుకుని దగ్గర్లోని బ్రెస్ట్ సర్జన్‌నో ఆంకాలజిస్టునో (కేన్సర్ డాక్టరునో) కలవండి.

మీ ఇంట్లో ముందు ఆలోచించాల్సింది మీ గురించి కాదు, మీ అమ్మగారి గురించి, ఆ ఇద్దరు అక్కల గురించి. సొంత అక్కకి, కన్నతల్లికి వచ్చిందంటే రక్తసంబంధం అతి దగ్గరది. మామూలుగా, ఇంట్లో జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు నుంచి, కానీ 30కి ముందు కాకుండా, మామోగ్రాం మొదలుపెట్టమంటారు. అంటే ఆ అక్కలకి 34 నుంచే మొదలుకావాల్సింది. 44కే వచ్చింది కాబట్టి జన్యు సలహా కూడా అడగండి. బీఆర్‌సీఏ అనే జన్యువుల పరీక్ష జబ్బు వచ్చినవాళ్ళకి ముందు చేస్తే సమాధానం స్పష్టంగా వస్తుంది. ఆవిడ లేరు కాబట్టి ఎవరితో మొదలుపెట్టాలో కౌన్సెలర్ చెబుతారు.

మీకు "సీ" కాబట్టి మామోగ్రాంతో పాటు అల్ట్రాసౌండ్ సంగతి అడగండి. అమ్మగారికి 61, ఆ వయసులో కణజాలం పల్చబడుతుంది, మామోగ్రాం చాలా బాగా పనిచేసే వయసు అదే. నొప్పి కొన్ని సెకన్లే, ఒక్కో రొమ్ముకి రెండు ఫొటోలు. ఆడ టెక్నీషియనే ఉంటారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలా చోట్ల ఉంటారు.

లెక్కలమాస్టారు (రాజమండ్రి)

బావగారి కోపానికి మందు ఇదిగో. ఎవరైనా మన దగ్గర ఇలాంటి పరికరం అమ్మితే మూడు అడగండి. మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే కేంద్ర సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు నంబరు ఏది? 2017 వైద్య పరికరాల నియమాల కింద ఏ తరగతిలో ఉంది? లైసెన్సులో "స్క్రీనింగ్‌కి" అని ఉందా, "తోడుగా" అని ఉందా? పరిశోధన జరుగుతోంది అంటే మన దేశంలో మనుషుల మీద జరిగే పరిశోధనల చిట్టా సీటీఆర్‌ఐ వెబ్‌సైటులో నమోదు నంబరు ఉండాలి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. పరిశోధనలో ఉన్న పరికరానికి మీ దగ్గర డబ్బు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

పక్కసందు (నెల్లూరు)

మగాళ్ళకి కూడా వస్తుందంటారు, నిజమా డాక్టరు గారూ? ఈసారి జోక్ కాదు.

చీకటిగది (విశాఖపట్నం)

వస్తుంది, మొత్తం రొమ్ము కేన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్ళది అనుకోండి. చనుమొన కింద గట్టి ఉండ తగిలితే, రక్తం మరక కనబడితే చూపించుకోండి. మగవాళ్ళు మరీ ఆలస్యంగా వస్తారు.

సబ్‌సెంటర్_సిస్టర్ (పల్నాడు)

శీను గారూ, మీ ల్యాబుల్లో ఎవరైనా ఇలాంటిది చేస్తుంటే నా తరఫున ఒక మాట చేరవేస్తారా? బ్రా కాకుండా, రవిక లోపల పెట్టుకునే మెత్తటి గుడ్డలాగా చేయమనండి. ఉతకడానికి సెన్సార్ విడిగా ఊడిరావాలి. మెసేజీ ఇంట్లో ఫోనుకి కాకుండా మా సెంటర్ ట్యాబుకి రావాలి. పరీక్ష చేసి చూడటానికి మనుషులు కావాలంటే మా ఊరివాళ్ళని నేను అడుగుతా, ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు.

సోల్డరింగ్_శీను (హైదరాబాద్)

సిస్టర్, గుడ్డ సంగతి, ఊడిరావడం చేయగలిగినవే. ట్యాబు సంగతి ఇంకా తేలిక. మనుషుల మీద పరీక్ష అంటే మాత్రం ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒక ఆసుపత్రి తోడు లేకుండా కదలదు. మా దగ్గర బయోమెడికల్ వాళ్ళు ఒకరున్నారు, మీ పోస్టు యథాతథంగా వాళ్ళకి పంపుతున్నా. సైజుల గురించి ఇంకేమైనా తట్టితే ఇక్కడే రాయండి, చూస్తుంటాను.